పాత మోటారు సైకిళ్ళలో కార్బ్యురేటరు జెట్ల మార్పిడి

కార్బ్యురేటరు జెట్ల మార్పిడి అనగా మోటారు సైకిలు కార్బ్యురేటరులో పెట్రోలు ప్రవాహాన్ని నియంత్రించే ఇత్తడి జెట్లను తీసివేసి, వేరొక కొలత గల జెట్లను బిగించి, గాలి-పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సరిచేయడం. వాహనంతో వచ్చిన ఎయిర్ ఫిల్టరు పెట్టెను తొలగించి బయట దొరికే విడి ఫిల్టరును బిగించినప్పుడు ఈ పని తప్పనిసరి అవుతుంది. ఫిల్టరును మార్చి జెట్లను మార్చకపోతే మిశ్రమం పలుచబడి ఇంజను వేడెక్కుతుంది. ఉత్పత్తి ఎప్పుడో ఆగిపోయి, విడిభాగాలు కష్టంగా దొరికే పాత వాహనాలకు ఇది ప్రాణాంతకమైన లోపం.

ఈ వ్యాసంలో జెట్ల మార్పిడి వెనుక ఉన్న సూత్రాలు, పని చేసే క్రమం వివరించబడ్డాయి. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంతంలో ఉండే ఇసుక, ఉప్పుగాలి, ఉక్కపోత ఈ పనిని ఎలా ప్రభావితం చేస్తాయో కూడా ఇవ్వబడింది.

నేపథ్యం

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అప్పటినుండి కొత్త మోటారు సైకిళ్ళలో కార్బ్యురేటరు స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ ఆక్రమించింది. అంతకు ముందు తయారైన వాహనాలలో అత్యధిక భాగం కార్బ్యురేటరుతో నడిచేవే. వీటిలో పాత తరానికి చెందిన కొన్ని ముఖ్యమైన వాహనాలు:

- రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350: 346 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజను. 1955లో మద్రాసు కేంద్రంగా ఏర్పడిన సంస్థ తయారుచేసింది. పాత ఇనుప సిలిండరు ఇంజన్లకు మిక్‌కార్బ్ వీఎం24 కార్బ్యురేటరు వాడేవారు.
- జావా, యెజ్డీ: 250 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజన్లు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961 నుండి 1996 వరకు తయారయ్యాయి.
- రాజ్‌దూత్ 175: ఎస్కార్ట్స్ సంస్థ 1960లలో ప్రారంభించిన రెండు స్ట్రోకుల వాహనం.
- యమహా ఆర్‌ఎక్స్ 100: 98 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజను. 1985 నుండి 1996 వరకు తయారైంది.
- హీరో హోండా సీడీ 100: 97 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజను. 1985లో విడుదలైంది.

పలాస, టెక్కలి పట్టణాలు రెండూ 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. 2010లో సంఖ్యలు మారక ముందు దీనిని 5వ నంబరు జాతీయ రహదారి అనేవారు. రహదారికి తూర్పున మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల వైపు విస్తరించిన ఇసుక నేలల ప్రాంతమే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది ప్రసిద్ధి. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు, టెక్కలి పరిసరాలు గ్రానైటు క్వారీలకు పేరుపొందాయి. తోటలకు, సముద్రపు ఒడ్డు గ్రామాలకు వెళ్ళే దారులలో మోటారు సైకిలు పీల్చే గాలి నగరపు గాలి వంటిది కాదు. అందువలన ఎయిర్ ఫిల్టరు గురించి తీసుకునే నిర్ణయానికి ఇక్కడ ప్రాముఖ్యం ఎక్కువ.

కార్బ్యురేటరు పనిచేసే విధానం

కార్బ్యురేటరు ప్రధానంగా ఒక గొట్టం. దాని మధ్యభాగం సన్నగా ఉంటుంది. గాలి సన్నని భాగం గుండా పోయేటప్పుడు వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త జియోవన్నీ బట్టిస్టా వెంచురీ (1746-1822) పేరున దీనిని వెంచురీ ప్రభావం అంటారు. గొట్టం కింద ఉన్న ఫ్లోటు గిన్నెలో పెట్రోలు నిలువ ఉంటుంది. ఈ పెట్రోలుపై బయటి వాతావరణ పీడనం పనిచేస్తుంది. పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ కావడం వలన పెట్రోలు జెట్టు గుండా పైకి లేచి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి ఇంతకంటె ఎక్కువైతే పలుచని మిశ్రమం అని, పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం అని అంటారు. ఎక్కువ శక్తి అవసరమైనప్పుడు ఇంజనుకు 12.5 నుండి 13 పాళ్ళ గాలి గల చిక్కని మిశ్రమం అనుకూలంగా ఉంటుంది. అదనంగా వచ్చే పెట్రోలు ఆవిరి అవుతూ సిలిండరును కొంత చల్లబరుస్తుంది.

పాత మోటారు సైకిళ్ళలో ఎక్కువగా స్లైడు రకం కార్బ్యురేటర్లు ఉంటాయి. యాక్సిలరేటరు తిప్పినప్పుడు కేబులు స్లైడును పైకి లాగుతుంది. స్లైడు ఎంత లేచిందనే దానిని బట్టి వేర్వేరు భాగాలు పెట్రోలును నియంత్రిస్తాయి.

- పైలట్ జెట్టు, గాలి స్క్రూ: ఐడిలింగు నుండి ఎనిమిదో వంతు యాక్సిలరేటరు వరకు.
- స్లైడు అడుగున ఉన్న వాలు కోత: ఎనిమిదో వంతు నుండి పావు వంతు వరకు.
- సూది, సూది జెట్టు: పావు వంతు నుండి ముప్పావు వంతు వరకు.
- మెయిన్ జెట్టు: ముప్పావు వంతు నుండి పూర్తి యాక్సిలరేటరు వరకు.

ఈ హద్దులు గీత గీసినట్లు ఉండవు. ఒకదాని ప్రభావం తరువాతి దానిలోకి కొంత వ్యాపిస్తుంది. అయినప్పటికీ లోపం ఏ భాగంలో ఉన్నదో గుర్తించడానికి ఈ విభజనే ఆధారం. ఇంజను ఎంత వేగంతో తిరుగుతున్నదనేది కాక, యాక్సిలరేటరు ఎంత తెరిచి ఉన్నదనేది ఇక్కడ ముఖ్యం.

ఎయిర్ ఫిల్టరు మారినప్పుడు జరిగేది

ఫిల్టరు మారిస్తే గాలి ఎక్కువగా వెళ్తుంది కాబట్టి మిశ్రమం పలుచబడుతుందని సాధారణంగా చెబుతారు. ఈ వివరణ పూర్తిగా సరియైనది కాదు. గాలి పెరిగితే వెంచురీ వద్ద పీడనం మరింత తగ్గి, పెట్రోలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అసలు కారణం వేరే ఉన్నది.

కంపెనీ ఫిల్టరు, దాని పెట్టె, సన్నని ముక్కు గొట్టం గాలికి కొంత అడ్డు కలిగిస్తాయి. అందువలన గాలి కార్బ్యురేటరును చేరకముందే దాని పీడనం కొద్దిగా తగ్గుతుంది. వెంచురీ వద్ద మరికొంత తగ్గుతుంది. గిన్నెలోని పెట్రోలును పైకి లేపే బలం ఈ రెండు తగ్గుదలల మొత్తం. కంపెనీ ఇంజనీర్లు జెట్టు కొలతను ఈ మొత్తం బలానికి సరిపోయేటట్లు నిర్ణయిస్తారు.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఫిల్టరు వద్ద తగ్గుదల 1 పాలు, వెంచురీ వద్ద 9 పాళ్ళు అనుకుంటే మొత్తం 10 పాళ్ళు. ఫిల్టరు పూర్తిగా అడ్డు లేనిదైతే మిగిలేది 9 పాళ్ళే. పెట్రోలు ప్రవాహం ఈ బలం యొక్క వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే గాలికి పెట్రోలు సుమారు 5 శాతం తగ్గుతుంది. గాలిని ఎక్కువగా పంపినందువలన కాక, పెట్రోలును లాగే బలాన్ని కోల్పోయినందువలన మిశ్రమం పలుచబడుతుందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

దీనికి తోడు ఫిల్టరు పెట్టెకు మరొక పని కూడా ఉన్నది. ఇంజను గాలిని ఒకే ధారగా కాక గుక్కలు గుక్కలుగా పీలుస్తుంది. పెట్టెలోని ఖాళీ, గొట్టం పొడవు ఈ అలలను మెత్తబరుస్తాయి. పెట్టెను తీసివేస్తే కొన్ని వేగాల వద్ద గాలి వెనుకకు తన్ని, వెంచురీని ఒకటి కంటె ఎక్కువసార్లు దాటుతుంది. దాటిన ప్రతిసారీ పెట్రోలును తీసుకొంటుంది కనుక ఆ వేగం వద్ద మాత్రం మిశ్రమం చిక్కబడుతుంది. విడి ఫిల్టరు బిగించిన వాహనం ఒక వేగంలో తడబడుతూ, మరొక వేగంలో బాగా పరిగెత్తడానికి ఇది ఒక కారణం. ఇటువంటి లోపాన్ని జెట్లతో పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు.

పెట్టె తీసివేసిన తరువాత ఇంజను గాలి పీల్చే చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరగడం వలన శక్తి కూడా పెరిగినట్లు నడిపేవారికి అనిపిస్తుంది. చిన్న ఇంజన్లలో ఒక్క ఫిల్టరు మార్పు వలన వచ్చే నిజమైన శక్తి చాలా స్వల్పం.

పలుచని మిశ్రమం వలన నష్టాలు

చిక్కని మిశ్రమం తన లోపాన్ని వెంటనే చాటుకుంటుంది. నల్లని పొగ, పెట్రోలు వాసన, నల్లబడిన ప్లగ్గు, తగ్గిన మైలేజి రూపంలో అది కనిపిస్తుంది. పలుచని మిశ్రమం అలా కాదు. తొలిరోజులలో వాహనం చురుకుగా నడిచినట్లే ఉంటుంది. నష్టం లోపల జరుగుతుంది.

రెండు స్ట్రోకుల ఇంజన్లలో ప్రమాదం ఎక్కువ. రాజ్‌దూత్, యెజ్డీ వంటి వాహనాలలో ఇంజను ఆయిలును పెట్రోలులోనే కలుపుతారు. జెట్టు గుండా పెట్రోలు తగ్గితే దానితోపాటు ఆయిలు కూడా తగ్గుతుంది. వేడి పెరిగి, జిడ్డు తగ్గి, పిస్టను వ్యాకోచించి సిలిండరుకు పట్టేస్తుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ఇలా జరిగితే వెనుక చక్రం హఠాత్తుగా బిగుసుకుపోయి మనిషి పడిపోయే ప్రమాదం ఉన్నది. ఆర్‌ఎక్స్ 100లో ఆయిలుకు వేరే పంపు ఉన్నందున ఆయిలు కొరత రాదు కాని, వేడి వలన కలిగే ప్రమాదం అలాగే ఉంటుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో లక్షణాలు నెమ్మదిగా బయటపడతాయి. యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సరులో టపటపమని శబ్దం రావడం, ఎక్కుడులో ఇంజను లోపల గణగణమని కొట్టుకోవడం, సైలెన్సరు వంపు గొట్టం త్వరగా నీలిరంగుకు మారడం వీటిలో కొన్ని. ఇదే స్థితి కొనసాగితే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోతుంది, పిస్టను తల దెబ్బతింటుంది.

పట్టేసిన ఇంజనుకు సిలిండరు బోరు కొట్టించి, పెద్ద కొలత పిస్టను వేయవలసి ఉంటుంది. ఒక సిలిండరుకు ఇలా కొద్దిసార్లు మాత్రమే చేయడానికి వీలుంటుంది. ఉత్పత్తి ఆగిపోయిన వాహనానికి సరియైన పిస్టను, రింగులు దొరకడం కష్టం. ఒక చిన్న ఇత్తడి జెట్టు ధరతో పోల్చినప్పుడు ఈ నష్టం ఎన్నో రెట్లు పెద్దది.

జెట్ల సంఖ్యలు

ప్రతి జెట్టుపై ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. సంఖ్య పెద్దదైతే పెట్రోలు ఎక్కువగా ప్రవహిస్తుంది. అయితే అన్ని కంపెనీల సంఖ్యలకు ఒకే అర్థం లేదు. మికుని సంస్థ షట్కోణపు తల గల మెయిన్ జెట్లపైన, అమల్ సంస్థ జెట్లపైన ఉండే సంఖ్య నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల ఇంధనం ప్రవహిస్తుందో తెలుపుతుంది. డెల్లోర్టో జెట్లపై ఉండే సంఖ్య రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతులలో తెలుపుతుంది. అంటే 100 అని ఉంటే రంధ్రం వ్యాసం 1 మి.మీ.

ఈ తేడా చాలా ముఖ్యమైనది. ప్రవాహాన్ని తెలిపే జెట్లలో 100 నుండి 105కు మారితే పెట్రోలు సుమారు 5 శాతం పెరుగుతుంది. వ్యాసాన్ని తెలిపే జెట్లలో అదే 100 నుండి 105కు మారితే రంధ్రం వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది. ఒక కంపెనీ కార్బ్యురేటరుకు మరొక కంపెనీ సంఖ్యను లెక్కగా తీసుకోరాదు.

సన్నని తీగతో గాని, గుండుసూదితో గాని జెట్టు రంధ్రాన్ని గీకడం, పెద్దది చేయడం సరికాదు. రంధ్రం లోపలి నునుపు పోయిన జెట్టుపై చెక్కిన సంఖ్యకు విలువ ఉండదు. మూసుకుపోయిన జెట్టును కార్బ్యురేటరు క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేయాలి.

పనికి ముందు చూడవలసినవి

పాత వాహనంలో లోపాలన్నీ జెట్ల వలన కలిగేవి కావు. జెట్లను మార్చక ముందు ఈ క్రింది వాటిని సరిచూడాలి.

- కార్బ్యురేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న గాస్కెట్టు లేదా రబ్బరు పగిలి గాలి లోపలికి రావడం. ఇది పలుచని మిశ్రమం లక్షణాలనే చూపుతుంది.
- ప్లాటినం పాయింట్ల ఎడం, ఇగ్నిషన్ టైమింగు.
- నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో వాల్వుల ఎడం, రెండు స్ట్రోకుల ఇంజన్లలో సైలెన్సరులో పేరుకున్న మసి.
- ఫ్లోటు ఎత్తు. ఫ్లోటు కిందికి ఉంటే గిన్నెలో పెట్రోలు తగ్గి అన్ని వేగాలలోనూ మిశ్రమం పలుచబడుతుంది.
- పెట్రోలు ట్యాంకు మూత రంధ్రం, పెట్రోలు కుళాయి జల్లెడ.
- సూది జెట్టు, స్లైడు అరుగుదల. ఏళ్ళ తరబడి సూది ఒరుసుకోవడం వలన సూది జెట్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. అప్పుడు మధ్య వేగాలలో మిశ్రమం చిక్కబడుతుంది. అరిగిన స్లైడు పక్కనుండి గాలి దూరితే ఐడిలింగు నిలవదు. ఈ రెండు లోపాలు ఒకే కార్బ్యురేటరులో ఉంటే ఏ జెట్టూ వాటిని సరిచేయలేదు.

పని మొదలుపెట్టే ముందు అప్పటివరకు ఉన్న మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు సంఖ్యలు, సూది క్లిప్పు ఉన్న గాడి, గాలి స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉన్నదో కాగితంపై వ్రాసుకోవాలి. ఫలితం బాగుండకపోతే వెనుకకు మళ్ళడానికి ఇదే దారి.

జెట్లను మార్చే క్రమం

ఈ పనిలో ప్రధాన నియమం ఒక్కటే. చిక్కని వైపునుండి మొదలుపెట్టి క్రమంగా సరియైన చోటుకు దిగాలి. పలుచని వైపునుండి ఎక్కే ప్రయత్నంలో ఇంజనే పోవచ్చు. ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేయాలి.

1. యాక్సిలరేటరు పిడిపైన, దాని పక్కన అంటుకునే టేపు వేసి ఎనిమిదో వంతు, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గుర్తులు పెట్టుకోవాలి.

2. కొత్త ఫిల్టరు బిగించిన తరువాత, పాత సంఖ్య కంటె రెండు లేక మూడు మెట్లు పెద్దదైన మెయిన్ జెట్టును బిగించాలి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత పూర్తి యాక్సిలరేటరులో నడపాలి. వాహనం తడబడుతూ, బరువుగా, మంద్రమైన చప్పుడుతో సాగితే మిశ్రమం చిక్కగా ఉన్నట్లు. ఒక్కొక్క మెట్టు తగ్గించుకుంటూ రావాలి. తడబాటు పోయి ఇంజను నిండుగా లాగే చోట ఆగాలి. ఇంకా చిన్న జెట్టుతో మరికొంత చురుకుదనం వచ్చినా ఆశపడరాదు.

3. ప్లగ్గు పరీక్ష చేయాలి. కొత్త స్పార్కు ప్లగ్గు వేసి, పూర్తి యాక్సిలరేటరులో కొంత దూరం నడిపి, క్లచ్చు పట్టి, అదే క్షణంలో ఇంజను ఆపి, ప్లగ్గును విప్పి చూడాలి. పింగాణీ అడుగుభాగాన లేత గోధుమరంగు వలయం ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. నల్లని మసి ఉంటే చిక్కన. తెల్లగా ఉండి, చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు మెరుస్తుంటే అత్యంత ప్రమాదకరమైన పలుచన. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్ముతున్నందున ప్లగ్గు రంగు పాత పుస్తకాలలో చెప్పినంత స్పష్టంగా కనిపించదు. భూతద్దంతో లోపలి భాగాన్ని చూడడం మంచిది.

4. సగం యాక్సిలరేటరు వద్ద తీరు చూడాలి. సూది పైభాగాన సాధారణంగా ఐదు గాడులు ఉంటాయి. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. క్లిప్పును పైకి జరిపితే పలుచబడుతుంది. రోజువారీ ప్రయాణంలో వాహనం ఎక్కువకాలం ఈ భాగంలోనే నడుస్తుంది కనుక మైలేజి దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

5. చివరగా పైలట్ జెట్టును చూడాలి. వేడెక్కిన ఇంజను ఐడిలింగులో ఉండగా గాలి స్క్రూను నెమ్మదిగా తిప్పి, ఇంజను ఎక్కడ అత్యధిక వేగంతో నిలకడగా తిరుగుతుందో గుర్తించాలి. ఆ చోటు పూర్తిగా బిగించిన స్థితినుండి ఒక చుట్టు కంటె తక్కువైతే పైలట్ జెట్టు చిన్నదని, రెండున్నర చుట్లు దాటితే పెద్దదని అర్థం.

6. అన్నీ అయిన తరువాత మెయిన్ జెట్టును మరొకసారి పరీక్షించాలి.

స్క్రూ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. స్క్రూ ఫిల్టరు వైపున ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది. బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. స్క్రూ ఇంజను వైపున ఉంటే అది పెట్రోలు మిశ్రమాన్ని నియంత్రిస్తుంది. బిగిస్తే పలుచబడుతుంది. పైన చెప్పిన చుట్ల లెక్క మొదటి రకానికి మాత్రమే వర్తిస్తుంది.

లారీలు, బస్సులు నిరంతరం తిరిగే జాతీయ రహదారిపై ప్లగ్గు పరీక్ష చేయరాదు. వేగంలో ఇంజనును ఆపడం వెనుక వచ్చేవారికి, నడిపేవారికి ప్రమాదకరం. జనసంచారం లేని తిన్నని దారిలో, హెల్మెట్టు ధరించి, మరొక మనిషి తోడుగా ఈ పని చేయాలి. రెండు స్ట్రోకుల వాహనం నడిపేటప్పుడు ఎడమచేతి వేళ్ళు క్లచ్చుపై సిద్ధంగా ఉంచుకోవాలి.

ఉద్దానం తీరపు వాతావరణ ప్రభావం

వేడెక్కిన గాలి పలుచబడుతుంది. 16 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలితో పోలిస్తే 36 డిగ్రీల వద్ద గాలి సాంద్రత సుమారు 6.5 శాతం తక్కువ. తీరంలో వేసవి ఉక్కపోత రోజులలో గాలిలో 3 నుండి 4 శాతం స్థానాన్ని నీటి ఆవిరి ఆక్రమిస్తుంది. ఆ మేరకు ఆక్సిజను తగ్గుతుంది. అయితే గాలి సాంద్రతతో పాటు పెట్రోలును లాగే బలం కూడా తగ్గుతుంది కాబట్టి, మిశ్రమంలో వచ్చే మార్పు సాంద్రతలో మార్పుకు సుమారు సగం మాత్రమే ఉంటుంది. ఈ లెక్కన మే నెల మధ్యాహ్నానికి, చలికాలపు తెల్లవారుజాముకు మధ్య మిశ్రమంలో 4 నుండి 5 శాతం తేడా రావచ్చు. వేసవిలో మిశ్రమం చిక్కగాను, చలికాలంలో పలుచగాను ఉంటుంది.

దీనినుండి ఒక ముఖ్యమైన సూత్రం వస్తుంది. మే నెల ఎండలో సరిగ్గా కుదిరిన జెట్టు డిసెంబరు ఉదయానికి పలుచనైపోతుంది. వేసవిలో జెట్టును ఎంచుకున్నవారు ఒక మెట్టు పెద్దదాని వైపు మొగ్గడం క్షేమం. తుది పరీక్ష చల్లని ఉదయం వేళ చేయడం ఇంకా మంచిది.

ఎత్తు కూడా ఇటువంటి ప్రభావాన్నే చూపుతుంది. ఉద్దానం సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నందున ఇక్కడ గాలి దట్టంగా ఉంటుంది. ఒడిశా సరిహద్దులో ఉన్న మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. అంత ఎత్తులో గాలి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. తీరంలో సరిచేసిన వాహనం కొండ ఎక్కితే మిశ్రమం కొంత చిక్కబడి బరువుగా లాగుతుంది కాని ఇంజనుకు నష్టం కలగదు. కొండపైన జెట్టు తగ్గించి అలాగే తీరానికి దిగినప్పుడే ప్రమాదం.

ఇసుక, రాతిపొడి, ఉప్పుగాలి

ఇసుకలో, గ్రానైటు పొడిలో క్వార్ట్జు ఉంటుంది. మోహ్స్ కాఠిన్య మానంలో దీని విలువ 7. ఇది సిలిండరు ఇనుము కంటె గట్టిది. ఫిల్టరు దాటి లోపలికి వెళ్ళిన ఇసుక రేణువు పిస్టను రింగుల మధ్య చేరి సానరాయిలా సిలిండరును అరగదీస్తుంది. ఈ అరుగుదలకు ఏ జెట్టు మార్పిడీ మందు కాదు.

బయట దొరికే విడి ఫిల్టర్లలో నూనె పూసిన నూలు గుడ్డ రకం, స్పాంజి రకం, ఇనుప జల్లెడ రకం ఉంటాయి. కేవలం జల్లెడ మాత్రమే ఉన్నవి సన్నని ధూళిని ఆపలేవు. నూలు, స్పాంజి ఫిల్టర్లలో ధూళిని పట్టేది ప్రధానంగా వాటికి పూసిన నూనే. నూనె ఆరిపోతే ధూళి దాటిపోతుంది. నూనె మరీ ఎక్కువైతే గాలికి అడ్డు పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. తోటల ఇసుకదారులలోను, క్వారీ మార్గాలలోను తిరిగే వాహనానికి వీటిని కంపెనీ చెప్పిన గడువు కంటె ముందే శుభ్రం చేయాలి. శుభ్రం చేసిన ప్రతిసారీ నూనె ఒకే పరిమాణంలో వేయకపోతే జెట్ల లెక్క మారిపోతుంది.

పెట్టె లేని ఫిల్టరుకు వర్షం నుండి రక్షణ ఉండదు. చక్రం చిమ్మిన నీరు నేరుగా దానిపై పడుతుంది. తడిసిన ఫిల్టరు గాలిని ఆపి ఇంజనును ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానం తీవ్రంగా దెబ్బతిన్నది. ఇటువంటి తుఫానులలో నీట మునిగిన వాహనాన్ని వెంటనే కిక్కు కొట్టరాదు. ప్లగ్గు విప్పి సిలిండరులో నీరు లేదని చూసి, ఫ్లోటు గిన్నె, ట్యాంకు, ఇంజను ఆయిలు ఖాళీ చేసిన తరువాతే ప్రయత్నించాలి.

సముద్రపు గాలిలోని ఉప్పు వలన ఇత్తడి జెట్లపై ఆకుపచ్చని చిలుము, కార్బ్యురేటరు ఒంటిపై తెల్లని పొడి ఏర్పడతాయి. పైలట్ జెట్టు రంధ్రం అతి సన్నం కనుక మొదట అదే మూసుకుంటుంది. కొన్ని వారాలు నిలిపివేసే వాహనానికి పెట్రోలు కుళాయి మూసి, గిన్నె అడుగు స్క్రూ విప్పి పెట్రోలు వదిలివేయాలి.

ఎథనాల్ కలిపిన పెట్రోలు

పెట్రోలులో ఎథనాల్ కలపడం వలన ఈ విషయానికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. దేశంలో సగటు కలయిక 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఎథనాల్ అణువులోనే ఆక్సిజను ఉన్నందున అది మండడానికి బరువులో 9 పాళ్ళ గాలి చాలు. 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్ళ గాలి సరిపోతుంది. అంటే పూర్వపు పెట్రోలుకు అమర్చిన జెట్టుతోనే ఈ ఇంధనాన్ని వాడితే, ఏమీ మార్చకుండానే మిశ్రమం సుమారు 8 శాతం పలుచబడినట్లు.

ఈ 8 శాతం మే నెల మధ్యాహ్నానికి, డిసెంబరు ఉదయానికి మధ్య ఉన్న తేడా కంటె ఎక్కువ. దీనిపైన అడ్డు లేని ఫిల్టరు కూడా తోడైతే, చలికాలపు ఉదయం మూడు కారణాలు ఒకే దిశలో పనిచేస్తాయి. ఇంటర్నెట్టులో, పాత పుస్తకాలలో కనిపించే జెట్టు సంఖ్యలు చాలావరకు ఎథనాల్ లేని పెట్రోలుకు చెందినవి. వాటిని ఆరంభ స్థానంగా మాత్రమే తీసుకోవాలి. ఫిల్టరు మార్చని పాత వాహనానికి సైతం ఒకసారి ప్లగ్గు పరీక్ష చేయడం ఉచితం.

ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువగా ఉండే తీరంలో నిలిచిపోయిన పెట్రోలు నుండి నీరు, ఎథనాల్ వేరుపడి గిన్నె అడుగుకు చేరవచ్చు. పాత రబ్బరు సీళ్ళు, పెట్రోలు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. వీటిని ఎథనాల్‌ను తట్టుకునే రకాలతో మార్చుకోవాలి.

చట్టపరమైన విషయాలు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేటట్లు వాహనంలో మార్పులు చేయరాదు. ఉద్గారాలు, శబ్దం హద్దు దాటితే 190వ సెక్షను కింద చర్య తీసుకోవచ్చు. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు ఐడిలింగులో కార్బన్ మోనాక్సైడు పరిమితి 4.5 శాతం. ఆ తరువాతి పాత తరం వాహనాలకు 3.5 శాతం. కాలుష్య తనిఖీ కేంద్రంలో వచ్చే ఈ అంకె పైలట్ జెట్టు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి కూడా ఉపయోగపడుతుంది. అయితే ఈ పరీక్ష ఐడిలింగులో జరుగుతుంది కనుక మెయిన్ జెట్టు గురించి ఏమీ చెప్పదు. కాలుష్య తనిఖీలో నెగ్గిన వాహనం పూర్తి యాక్సిలరేటరులో పలుచగా ఉండవచ్చు.

కంపెనీ పెట్టెను ఉంచుకోవడం

అసలు పెట్టె విరిగిపోయి, దొరకని స్థితిలో విడి ఫిల్టరు తప్పదు. అటువంటప్పుడు జెట్ల మార్పిడి ఆ పనిలో విడదీయరాని భాగం. పెట్టె బాగున్నప్పుడు మాత్రం దానిలో కొత్త ఫిల్టరు వేసి, మూత రబ్బరు సరిగా కూర్చునేటట్లు చూడడమే ఉద్దానం వంటి ఇసుక నేలలలో తిరిగే వాహనానికి శ్రేయస్కరం. తీసివేసిన పెట్టెను, విప్పిన పాత జెట్లను పారవేయరాదు. వాహనం చేతులు మారినప్పుడు ఏ జెట్టు, ఏ ఫిల్టరు, ఏ గాడి అనే వివరాలు వ్రాసిన కాగితాన్ని వాహన పత్రాలతోపాటు కొత్త యజమానికి అందజేయడం మంచి పద్ధతి. జెట్లు మార్చిన కార్బ్యురేటరు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. తెలియక ఎవరైనా పాత ఫిల్టరు పెట్టి చిక్కని మిశ్రమంతోనో, కొత్త ఫిల్టరు ఉండగా పాత జెట్టు వేసి పలుచని మిశ్రమంతోనో నడిపే అవకాశం ఉన్నది.

ఇవి కూడా చూడండి

- కార్బ్యురేటరు
- అంతర్దహన యంత్రం
- రెండు స్ట్రోకుల ఇంజను
- ఉద్దానం
- పలాస-కాశీబుగ్గ
- టెక్కలి